నిచ్చెనవాలు మీద పెళ్ళికొడుకు

మొదటి రోజు. మంచు ఏడడుగులు. గాలి తక్కువ.

మంచుదారుల ఆఫీసు వారికి కర్రి సింహాద్రమ్మ రాయునది. ప్రతి శిష్యుడికీ రోజువారీ పుస్తకం రాసి తీరాలని మీరు కొత్త రూలు పెట్టారు. మంచు పడడం మొదలైన ఏడాది నుంచీ, అంటే ముప్ఫై ఒక్క ఏళ్ళుగా, లంబసింగిలో మంచుబండి తోలడం నేర్పుతున్నాను. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు నూట తొంభైమంది. ఒక్కడు కూడా కొండ మీంచి దొర్లి నా పరువు తీయలేదు. అయినా రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. చదివేది ఎవరో గాని టీ పెట్టుకుని కూర్చోండి, ఎందుకంటే ఇవాళ వచ్చినవాడి కథ పొట్టిది కాదు.

పొద్దున్న మా బడి ముందు ఒక తెలివిబండి వచ్చి ఆగింది. దానంతట అదే తోలుకునే రకం. అందులోంచి పాతికేళ్ళ కుర్రాడు దిగాడు, దిగీ దిగగానే జారి కూలబడ్డాడు. లేచి, దులుపుకుని, నవ్వాడు. పళ్ళన్నీ కనిపించేలా నవ్వే మనుషులంటే నాకు మొదటి నుంచీ బలహీనత.

"పిన్నీ, నాకు బండి తోలడం నేర్పాల. పది దినాల్లో."

"పది రోజుల్లో ఈల వెయ్యడం కూడా రాదురా. ఎందుకంత తొందర?"

"పదో దినం నా పెళ్ళి."

పేరు మైలిపిల్లి ఎల్లాజీ. భీమిలి అవతల చేపల రేవు. వాళ్ళ ఊళ్ళోకి సముద్రం వచ్చి చాలా ఏళ్ళయింది, వీధులన్నీ నీళ్ళే. పుట్టి బుద్ధెరిగాక పడవ తప్ప మరోటి తోలలేదట. పిల్లెవరని అడిగితే చెయ్యెత్తి కొండ కొసకి చూపించాడు. మేడపాడులో వంతాల సుకాంతి.

నా నవ్వు ఆగిపోయింది.

మేడపాడువాళ్ళ సంగతి మీకు తెలియకపోవచ్చు. వాళ్ళ ఊరికి దారి ఒక్కటే, నిచ్చెనవాలు. నలభై డిగ్రీల వాలు, మూడువందల గజాలు, మధ్యలో ఒక గూను. తెలివిబండి దాని మొదట్లోకి వెళ్ళగానే తియ్యటి గొంతుతో "క్షమించండి, ఈ వాలు నా వల్ల కాదు" అని చెప్పి సీటు కింద వేడి కూడా ఆపేస్తుంది. మేడపాడు పిల్లని చేసుకునేవాడు ఆ వాలు తనంతట తాను తోలుకుని ఎక్కాలి. మూడుసార్లు ప్రయత్నించవచ్చు. పెళ్ళిబృందంలో మిగతావాళ్ళని కొండవాళ్ళు తమ బండ్ల మీద ఎక్కిస్తారు గాని పెళ్ళికొడుకుని మాత్రం ఎవరూ ముట్టుకోరు. ఎక్కలేకపోతే సంబంధం లేదు. పూర్వం ఒక అల్లుడు దుప్పట్లు చుట్టుకుని వేరేవాళ్ళ బండి వెనక సీట్లో వచ్చి పిల్లని తీసుకెళ్ళాడు, మళ్ళీ అయిదేళ్ళు ఆ పిల్ల పుట్టింటి గడప చూడలేదు. అప్పటి నుంచీ ఈ కట్టు.

"ఆ అమ్మాయిని ఎక్కడ చూశావురా?"

"రెండుసార్లే సూసినాను. వినడం మాత్రం మూడేళ్ళ నుంచి దినామూ వింటన్నాను."

సుకాంతి పైన రేడియో స్తంభం చూసుకుంటుంది. రోజూ మధ్యాహ్నం పన్నెండు గంటలకి సముద్రం సంగతి చదివేది ఆ అమ్మాయే. ఆ గొంతు నాకూ తెలుసు. వీడు పడవలోంచి మొదట అలల గురించి అడిగాడట, తరవాత గాలి గురించి, తరవాత ఆవిడ పొద్దున్న ఏం తిన్నదో.

నేర్పనని ఎలా అనను?

రెండో రోజు. మంచు ఏడడుగుల నాలుగంగుళాలు.

బల్లపరుపు నేల మీద పాఠం. మంచుబండికి ముందు రెండు స్కీలు, అంటే మంచు మీద జారే పట్టీలు, వెనక బెల్టు. చేతిలో హ్యాండిలు, బొటనవేలి కింద యాక్సిలేటరు. ఇంతకన్నా సులువైన బండి లేదు. కుడికి తిప్పితే కుడికి వెళ్తుంది.

ఎల్లాజీ కుడికి వెళ్ళమంటే ఎడమకి తిప్పి మా కోళ్ళగూట్లోకి వెళ్ళాడు.

ఎడమకి వెళ్ళమంటే కుడికి తిప్పి నా గుమ్మంలోకి వచ్చాడు. పొయ్యి మీద పులుసు ఉంది, అది దక్కింది, అదృష్టం.

తరవాత అర్థమైంది. పడవ చుక్కాని అటు తోస్తే పడవ ఇటు తిరుగుతుంది. పదేళ్ళ వయసు నుంచీ ఆ చెయ్యి అదే పని చేస్తోంది. తల "కుడి" అనుకునే లోపలే చెయ్యి ఎడమకి తోసేస్తోంది.

గమనించిన లోపం: హ్యాండిలు ఎదురు తిప్పుడు. సరిదిద్దారా: లేదు.

మూడో రోజు. మంచు అంతే.

కోళ్ళగూడు మళ్ళీ కట్టాను. మళ్ళీ పోయింది.

సరిదిద్దారా: లేదు.

నాలుగో రోజు. మంచు ఎనిమిదడుగులు. ఎండ.

నాకు కోపం వచ్చిన మాట నిజం. కుక్క తోక వంకర అన్నాను. ఇంకో సామెత కూడా నోటిదాకా వచ్చింది గాని అందులో పుడకలున్నాయి, పెళ్ళివారి దగ్గర అనకూడదని మింగేశాను.

కుడిచేతికి ఎర్రగుడ్డ కట్టాను. "ఎర్రచెయ్యి ఎటు లాగితే బండి అటు. చుక్కాని మరిచిపో. పడవ మరిచిపో. నువ్వసలు సముద్రం చూడలేదనుకో."

"అలాగంటే మాయమ్మ ఏడుస్తాది పిన్నీ," అన్నాడు, అంటూనే నవ్వాడు.

పన్నెండయింది. వీడు తలకిందులుగా మంచులో దిగబడి ఉన్నాడు, బూట్లు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. లాగబోతే లోపల్నించి గొంతు వచ్చింది. "ఉండు పిన్నీ, ఉండు! రేడియో పెట్టు!" పెట్టాను. సుకాంతి గొంతు చల్లగా వచ్చింది. భీమిలి దగ్గర అలలు మీటరున్నర, తూర్పుగాలి, పడవలు వెళ్ళవచ్చు. పెళ్ళి ముందర పది రోజులు మాట్లాడుకోకూడదని కట్టు, అందుకని వీడికి ఈ సముద్రం వార్తలే దిక్కు. ఆవిడ చదివినంతసేపూ వీడి బూట్లు ఆనందంతో ఊగుతూనే ఉన్నాయి. అయిపోయాక లాగాను.

సరిదిద్దారా: ఎర్రగుడ్డ ఉన్నంతసేపు కొంచెం.

అయిదో రోజు. మంచు ఎనిమిదడుగులు.

ఎక్కే పాఠం మొదలుపెట్టాను. మీ ఆఫీసులో ఎవరైనా ఎప్పుడైనా కొండెక్కారో లేదో తెలీదు గనక రాస్తున్నాను, పనికొస్తుంది.

ఎక్కేటప్పుడు కూర్చోకూడదు. లేచి నిలబడాలి, మోకాళ్ళు కొంచెం వంచి, పొట్ట హ్యాండిలుకి తగిలేలా ముందుకి వాలాలి. బరువు ముందుంటేనే స్కీలు మంచుని పట్టుకుంటాయి. బరువు వెనక్కి పోయిందంటే ముందు భాగం లేచి బండి మనిషి మీదికి తిరగబడుతుంది. కింద చదునులోనే వేగం పోగు చేసుకోవాలి. యాక్సిలేటరు ఒకే తీరున నొక్కి ఉంచాలి, అదిరించకూడదు, అదిరిస్తే బెల్టు మంచులో గొయ్యి తవ్వి కూర్చుంటుంది. చూపు ఎదురుగా ఉన్న మంచు మీద కాదు, కొస మీద. వేగం నడక పాటికి వచ్చిందంటే బండి ఆగేదాకా ఆగకుండా మనమే తిప్పుకుని కిందికి వచ్చెయ్యాలి. అందులో సిగ్గులేదు.

ఇవి గాక అడ్డంగా దాటడం ఉంది. వాలు మీద పక్కకి వెళ్ళడం. అది నేను మూడో చలికాలం వచ్చిన శిష్యులకి గాని చెప్పను. రెండు కాళ్ళూ కొండవైపు ఫుట్‌బోర్డు మీద పెట్టి, ఒళ్ళంతా కొండకి వేలాడేసి, హ్యాండిలు మాత్రం లోయవైపు తిప్పాలి. పైకి పోవాలంటే కిందికి తిప్పాలి! అప్పుడే బండి కొండవైపు ఒరిగి బెల్టు అంచుతో పట్టుకుంటుంది. ప్రాణభయంలో ఎవడి చెయ్యి ఆ మాట వింటుంది? కొండవైపే తిప్పుతారు, బండి లోయలోకి దొర్లుతుంది. నాకే అది చేతికి రావడానికి నాలుగేళ్ళు పట్టింది. పది రోజుల పెళ్ళికొడుకుకి ఆ ఊసెందుకని చెప్పనే లేదు.

ఆరో రోజు.

వీడి మేనత్త దానమ్మ వచ్చింది. రాగానే బండి చుట్టూ మూడుసార్లు తిరిగి, "ఓలమ్మ, ఇంత సిన్న బండేటి? మా ఓడి పెళ్ళికి సామాను ఎక్కడ కడతారు?" అంది.

"సామాను కొండవాళ్ళ బండ్ల మీద వస్తుందమ్మా. పెళ్ళికొడుకు బండి మీద పెళ్ళికొడుకు తప్ప ఏమీ ఉండదు."

"ఉత్త సేతుల్తో ఎల్తాడా అత్తోరింటికి? మా రేవులో ఇంటే నవ్వరా?"

నేను వినిపించుకోలేదు. అప్పుడే వినిపించుకోవాల్సింది.

ఎల్లాజీ చిన్న వాలు సగం ఎక్కాడు. ఎర్రగుడ్డ తీసేస్తే కోళ్ళగూడు.

ఎనిమిదో రోజు. మంచు ఎనిమిదడుగుల ఆరంగుళాలు.

నిన్న రాయలేదు, క్షమించండి, నిన్న సాయంత్రం అలిసిపోయి తింటూ తింటూ నిద్రపోయాను. ఇవాళ మాత్రం వినండి. ఎక్కేశాడు! చిన్న వాలు మొత్తం, అడుగు నుంచి కొస దాకా, నిలబడి, ముందుకి వాలి, ఒకే తీరున! కొస మీద బండి ఆపి "పిన్నీ" అని అరిస్తే లోయంతా పిన్నీ పిన్నీ అంది. యాభై ఎనిమిదేళ్ళ ఆడదాన్ని, మంచులో గెంతాను. గెంతితే నడుం పట్టేసింది. అయినా గెంతాను.

హ్యాండిలు సంగతంటారా? తిన్నగా ఎక్కేటప్పుడు తిప్పే పని పెద్దగా లేదు. ఎర్రగుడ్డ ఉంది. నూకాలమ్మ తల్లి ఉంది.

సరిదిద్దారా: దాదాపు. (దీన్ని మీరు అవును కింద లెక్కేసుకోండి.)

తొమ్మిదో రోజు.

జానెడు కొత్త మంచు పడింది. రేపు మెత్తగా ఉంటుంది. తెల్లవారి ఎనిమిదికి వాలు తెరుస్తారు, పన్నెండుకి మూస్తారు. ఎండెక్కాక మంచు వదులై మొత్తం జారవచ్చు. ముహూర్తం పదకొండు నలభై.

ఎల్లాజీ అన్నం తినలేదు. "ఎక్కనేకపోతే ఏటి పిన్నీ?" అన్నాడు. మొదటిసారి వాడి పళ్ళు కనిపించలేదు.

"ఎక్కుతావు," అన్నాను. నా మాట మీద నాకు అంత నమ్మకం లేదు. వాడికి తెలియకుండా నిచ్చెనవైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నాను.

పదో రోజు. మంచు తొమ్మిదడుగులు. గాలి లేదు. ఆకాశం నీలం.

ఇది చేతి తొడుగులు కూడా తియ్యకుండా రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకోండి.

పొద్దున్న పెళ్ళిబృందమంతా నిచ్చెన కింద పక్కదిబ్బ మీద చేరింది. వాలు కింద నేరుగా ఎవరూ నిలబడకూడదు. సన్నాయి అబ్బాయి తను ఊదే సన్నాయి పీకలు గడ్డకట్టకుండా చంకలో పెట్టుకున్నాడు. పైన మేడపాడువాళ్ళు అంచు పొడుగునా చీమల బారులాగా నిలబడ్డారు. పెళ్ళికొడుకు పట్టుపంచె మీద చలికోటు, కోటు మీద పూలదండ, తలకి బాసికం, బాసికం మీద హెల్మెట్. హెల్మెట్లో రేడియో, రేడియోలో నేను. బండి వెనక దానమ్మ ఎర్ర మఖమలు గుడ్డ కప్పి పూలు చుట్టింది. దిష్టి తగలకుండా అంది. సరే, గుడ్డే కదా అనుకున్నాను.

పెళ్ళికొడుకు మొదటిసారి వాలు మీదికి వెళ్ళాక అతను పైకి చేరేదాకా ఆ బండిని ఎవరూ ముట్టుకోకూడదు. ఇది కూడా వాళ్ళ కట్టే.

మొదటిసారి, తొమ్మిదికి. గూను దాకా బాగా వెళ్ళాడు. గూను మీద బండి కొంచెం కుడికి లాగింది. సరిచెయ్యబోయి చెయ్యి చుక్కానిలాగా తోసింది, ఇంకా కుడికి పోయింది. నేను చెప్పినట్టే ముందే తిప్పుకుని దిగివచ్చాడు.

రెండోసారి, పదింబావుకి. గూను ఎక్కబోతుంటే ముందు స్కీలు గాల్లోకి లేచాయి. జానెడు, తరవాత మూరెడు. వీడు హ్యాండిలు మీద పడుకున్నంత పని చేసినా అవి దిగలేదు. తిప్పుకుని వచ్చాడు. ఎందుకలా లేస్తున్నాయో నాకు అంతు పట్టలేదు. వీడు నిలబడిన తీరు సరిగ్గానే ఉంది!

మూడోసారి, పదకొండుకి. ఎల్లాజీ నావైపు చూసి ఎర్రగుడ్డ చెయ్యి ఎత్తాడు. బయలుదేరాడు.

గూను దగ్గర మళ్ళీ స్కీలు లేచాయి. ఆ కుదుపుకి మఖమలు గుడ్డ ఎగిరిపోయింది. దాని కింద తాడుతో కట్టి, ఎండలో ధగధగ మెరుస్తూ, ఒక పెద్ద ఇత్తడి బిందె!

"అదేంటి?" అన్నాను.

"హల్వా," అంది దానమ్మ. "మాడుగుల హల్వా. పదిహేను కేజీలు. ఉత్త సేతుల్తో ఎల్లకూడదని..."

చంపెయ్యాలన్నంత కోపం వచ్చింది గాని తీరిక లేదు. బండి వేగం తగ్గిపోతోంది. తిన్నగా పైకి పోవడం ఇక జరగని పని, వెనక బరువు పోనివ్వదు. కిందికి తిప్పుకుంటే పెళ్ళి లేదు. ఆగితే గొయ్యి. కుడివైపు నూట యాభై గజాల్లో ఏనుగు భుజమనే రాతి గట్టు ఉంది, దాని మీంచి ఊళ్ళోకి మెత్తటి ఎక్కుడు. అక్కడికి చేరాలంటే వాలు మీద అడ్డంగా దాటాలి. మూడో చలికాలం పాఠం! నేను చెప్పని పాఠం!

బండిని కుడికి తిప్పితే కొండ ఎడమవైపు వస్తుంది. ఎడమకి, పైకి, పోవాలంటే హ్యాండిలు కుడికి తొయ్యాలి. కుడికి తోస్తే ఎడమకి...

అప్పుడు తట్టింది నాకు. ముప్ఫై ఒక్క ఏళ్ళ అనుభవం, అప్పుడు తట్టింది!

రేడియోలో అరిచాను. నిజానికి రేడియో అక్కర్లేదు, లంబసింగి సంతలో కూడా వినపడి ఉంటుంది.

"ఎల్లాజీ! ఎర్రచెయ్యి లాగి కుడికి తిరుగు! గట్టుకేసి తిరిగాక ఎర్రగుడ్డ మర్చిపో! రెండు కాళ్ళూ కొండవైపు! పడవ తోలు నాయనా, పడవ తోలు! గాలి కిందికి తోస్తందనుకో, నువ్వు పైకి పోవాల, చుక్కాని పట్టు!"

నా రేడియోలో వాడి నవ్వు వినిపించింది. ఆ పళ్ళ నవ్వే.

"అలాగ సెప్పవేటి పిన్నీ మొదట్నించీ!"

తిరిగాడు. రెండు కాళ్ళూ కొండవైపుకి మార్చి, అలలో ఒరిగిన పడవ అంచు మీంచి వెనక్కి వేలాడినట్టు కొండకి వేలాడాడు. చెయ్యి తనంతట తానే లోయవైపు తోసింది. నేను పది రోజులు తిట్టి, గుడ్డ కట్టి, కోళ్ళని బలిచ్చి మాన్పించబోయిన తోపుడే! బండి కొండవైపు ఒరిగింది, బెల్టు అంచు కరుచుకుంది, మంచు తెల్లటి తెరలాగా లోయలోకి లేచింది. వాలు నడుం మీద గీత గీసినట్టు వెళ్ళిపోయాడు. వెనక్కి లాగే ఆ పాడు బిందె కూడా ఇప్పుడు అడ్డం రాలేదు, ఎక్కడం తగ్గి దాటడం అయింది గనక. దానమ్మ నా చెయ్యి పట్టుకుంది, ఆ గోళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి.

గట్టు మీదికెక్కి ఆగాడు. లేచి నిలబడి రెండు చేతులూ ఎత్తాడు. సన్నాయి అబ్బాయి చంకలోంచి పీక తీసి ముహూర్తమే వచ్చినట్టు ఊదేశాడు.

నేను దానమ్మని నా బండి మీద ముందు కూర్చోబెట్టుకుని (వెనక కాదు, చచ్చినా వెనక కాదు) నిచ్చెన ఎక్కాను. దారిపొడుగునా ఆవిడ అమ్మా నాన్నా అంటూనే ఉంది, నేను నవ్వుతూనే ఉన్నాను.

పైకి వెళ్ళేసరికి గొడవ. గట్టు మీంచి ఊళ్ళోకి వచ్చిన ఎల్లాజీకి పిల్ల మేనమామ అడ్డం నిలబడ్డాడు. "నిచ్చెన ఎక్కనేదు ఈడు. పక్కనుంచి వొచ్చినాడు. సెల్లదు."

ఎల్లాజీ ముఖం పాలిపోయింది. అప్పుడు సుకాంతి నాయనమ్మ, బుద్రి అవ్వ, కర్ర ఊతంతో ముందుకొచ్చింది. తొంభై ఏళ్ళుంటాయి. అంచు మీంచి తొంగి, ఏనుగు భుజం దాకా మంచులో పడిన ఆ ఒంటి గీతని చూసింది.

"మన కట్టేటి?" అంది మేనమామతో. "కొండెక్కి ఆటలాడమనేటి? పిల్లగుంటని పుట్టింటికి తేగలడా నేదా, అదీ కట్టు. నిచ్చెన జారిపోయి మూసీసినా ఈ దారమ్మట తెస్తాడు ఈడు. మీలో ఎవడైనా తెచ్చినాడా? నువ్వు తెచ్చినావా?"

మేనమామ పక్కకి తప్పుకున్నాడు. అవ్వ బిందె మీద మూత తీసి, వేలితో హల్వా గీకి నోట్లో వేసుకుని, "బాగుంది. బేగి కానియ్యండి," అంది. దానమ్మ నావైపు చూసిన చూపు మాత్రం నేను రాయను.

పదకొండు నలభైకి జీలకర్రా బెల్లం పెట్టారు. తాళి కట్టేటప్పుడు ఎల్లాజీ కుడిచేతికి నా ఎర్రగుడ్డ అలాగే ఉంది. దింసా ఆట మొదలైంది, నన్నూ లాగారు, నా నడుం సంగతి నేనే మర్చిపోయాను.

ఇంతలో పెళ్ళికూతురు లేచి పరిగెత్తింది. అందరూ కంగారు పడ్డారు. గడియారం చూశాను, పన్నెండు. రేడియో గదిలోంచి గొంతు వచ్చింది, మా జేబుల్లో, కింద లంబసింగిలో, అక్కడెక్కడో భీమిలి నీళ్ళ వీధుల్లో. నెత్తిన జీలకర్ర బెల్లంతోనే చదువుతోంది.

"భీమిలి దగ్గర అలలు మీటరు. గాలి లేదు. పడవలు వెళ్ళవచ్చు." కొంచెం ఆగింది. మూడేళ్ళలో మొదటిసారి కాగితంలో లేని మాట చదివింది. "ఒక పడవ ఇయ్యాల కొండెక్కి వచ్చేసింది."

పెళ్ళిపందిట్లో ఎల్లాజీ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. నవ్విన నాపచేనే పండుతుందని మా అమ్మ అనేది, ఆవిడ ఉంటే ఇవాళ నన్ను చూసి ఎంత నవ్వేదో.

ఇక మీ గడులు నింపుతున్నాను.

శిష్యుడు: ఉత్తీర్ణుడు.

గమనించిన లోపం: హ్యాండిలు ఎదురు తిప్పుడు.

సరిదిద్దారా: లేదు! లేదు! లేదు!